అమ్మ పుట్టినరోజుకి 684 ట్యాపులు

ఇంట్లో ఎవరికి ఏ ఆన్‌లైన్ ఫామ్ నింపాలన్నా ఫోన్ చివరికి మన చేతికే వస్తుంది. పేరు, ఊరు, ఆధార్ నంబరు దాకా బండి బాగానే నడుస్తుంది. ‘పుట్టిన తేదీ’ అనే గడి మీద వేలు పెట్టగానే ఒక క్యాలెండర్ తెరుచుకుంటుంది. అందులో ఈ నెల ఉంటుంది. ఇవాళ్టి తేదీ చుట్టూ నీలం రంగు సున్నా. అటొకటి ఇటొకటి బాణం గుర్తులు. అమ్మ పుట్టింది 1968 జూన్‌లో అనుకోండి. 2025 జూన్‌లో కూర్చుని ఆ వెనక బాణం నొక్కడం మొదలుపెడితే ఎన్నిసార్లు నొక్కాలి? ఏడాదికి 12 చొప్పున 57 ఏళ్లకి 684 సార్లు. మధ్యలో వేలు జారి పక్కన తగిలిందంటే క్యాలెండర్ మూసుకుపోతుంది. మళ్లీ మొదటికి.

‘పైన ఉన్న 2025 మీద నొక్కితే ఏళ్ల లిస్టు వస్తుంది కదా!’ అంటారు తెలిసినవాళ్లు. వస్తుంది, నిజమే. ఆండ్రాయిడ్ యాప్స్‌లో ఎక్కువగా కనిపించే గూగుల్ ‘మెటీరియల్ డిజైన్’ క్యాలెండర్‌లో ఆ దారి ఉంది. కానీ అది నొక్కే చోటు అని కొత్తవాళ్లకి ఎవరు చెప్పాలి? చూడటానికి అది మామూలు హెడ్డింగ్‌లా ఉంటుంది. పక్కన చిన్న త్రికోణం ఉన్నా దాన్ని ఎవరూ పట్టించుకోరు. మీకు కూడా ఎవరో ఒకరు చెబితేనే తెలిసుంటుంది, గుర్తు చేసుకోండి.

అసలు తిరకాసు బాణంలోనూ లేదు, త్రికోణంలోనూ లేదు. ఆ గడి తయారుచేసినవాళ్లు ఒక చిన్న ప్రశ్న వేసుకోలేదు. ఈ మనిషికి ఈ తేదీ ముందే తెలుసా, లేక ఇక్కడికొచ్చాక వెతుక్కోవాలా? పుట్టినరోజు నోటికి వచ్చిన తేదీ. పాస్‌పోర్ట్ గడువు దాని మీదే అచ్చయి ఉన్న తేదీ. వీటిని ఎవరూ ‘ఎంచుకోరు’, చెబుతారంతే. సంక్రాంతికి ఊరెళ్లే బస్సు తేదీ, డాక్టర్ అపాయింట్‌మెంట్, హోటల్ రూమ్... వీటిని మాత్రం చూసి ఎంచుకోవాలి. మొదటిదానికి క్యాలెండర్ అడ్డం. రెండోదానికి క్యాలెండర్ లేకపోతే కష్టం. ఈ రెండింటికీ ఒకే క్యాలెండర్‌ని అతికించేయడం వల్లే ఈ పాట్లన్నీ.

ఈ తేడాని బాగా పట్టుకున్నది బ్రిటన్ ప్రభుత్వ వెబ్‌సైట్. అక్కడి అన్ని శాఖల సైట్లకీ కలిపి ‘గవ్ డాట్ యూకే డిజైన్ సిస్టమ్’ అని ఒక నియమావళి ఉంది. పుట్టిన తేదీలాంటి గుర్తున్న తేదీలు అడగాలంటే అందులో క్యాలెండర్ ఉండదు, స్క్రోల్ చక్రాలు ఉండవు. మూడు ఖాళీ గడులు. రోజు, నెల, సంవత్సరం. అంకెలు కొట్టుకుంటూ పోవడమే. పైన ఒక ఉదాహరణ కూడా రాసి ఉంటుంది, ఏ వరసలో కొట్టాలో తెలియడానికి. చూడటానికి పాతకాలం కాగితం ఫామ్‌లా ఉంటుంది. అందంగా ఉందా అంటే లేదు. పని అవుతుందా అంటే పది సెకన్లలో అవుతుంది. 1968 అయినా 2008 అయినా నొక్కాల్సిన అంకెలు ఎనిమిదే. 684కీ 8కీ ఎంత తేడానో చూడండి.

మరి క్యాలెండర్ ఎప్పుడు కావాలి? మన ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ ఎందుకు అంత ఉపయోగమో గమనిస్తే జవాబు దొరుకుతుంది. అందులో ఒక్కో గడిలో తేదీ ఒక్కటే ఉండదు. తిథి, నక్షత్రం, వర్జ్యం, రాహుకాలం, పండగ, బ్యాంకు సెలవు... అరంగుళం చోటులో అన్నీ. శుక్రవారం ఒక్కరోజు సెలవు పెడితే శని, ఆదివారాలు కలిసొస్తాయని చూడగానే తెలిసిపోతుంది. అంటే గడుల పట్టికకి విలువ వచ్చేది పక్కపక్క రోజులు పోల్చి చూసేటప్పుడు. టికెట్ యాప్‌లో ప్రతి తేదీ కింద రేటు కనిపించిందంటే ఆ క్యాలెండర్ పనిచేస్తున్నట్టు. ఉత్త అంకెలే ఉంటే చోటు దండగ.

కొన్ని తేదీలు బూడిద రంగులో ఉండి నొక్కినా కదలకపోవడం ఇంకో గోల. సీట్లు అయిపోయాయా? ఆరోజు సెలవా? ఇంకా బుకింగ్ తెరవలేదా? మూడూ వేరువేరు సంగతులు, మూడింటికీ ఒకటే బూడిద రంగు. రైలు టికెట్లనే తీసుకోండి. ముందస్తు రిజర్వేషన్ గడువు ఇదివరకు 120 రోజులు ఉండేది, 2024 నవంబరు 1 నుంచి 60 రోజులకి తగ్గించారు. అది తెలియనివాళ్లు మూడు నెలల తర్వాతి తేదీ మీద ఎంత నొక్కినా ఏమీ జరగదు. ఫోన్ పాడైందనుకుంటారు. ‘ఈ తేదీకి బుకింగ్ ఫలానా రోజున మొదలవుతుంది’ అని ఒక్క లైను చూపిస్తే గొడవే లేదు.

ఇక్కడ వేళ్ల సంగతి కూడా చెప్పుకోవాలి. వేలితో తప్పు లేకుండా నొక్కాలంటే ఒక్కో బటన్ కనీసం 48 యూనిట్ల వెడల్పు ఉండాలని ఆండ్రాయిడ్ సూచన. వారానికి ఏడు గడులు, ఏడు నలభై ఎనిమిదులు 336. చాలా ఫోన్ల స్క్రీన్ వెడల్పు అదే లెక్కలో 360 దగ్గర ఉంటుంది. అంటే క్యాలెండర్ స్క్రీన్‌లో ఇరికి కూర్చుంటుందన్నమాట. దాని చుట్టూ అందం కోసం డిజైనర్ కాస్త ఖాళీ వదిలితే చాలు, గడులు కుంచించుకుపోయి 17 నొక్కితే 18 పడుతుంది. పెద్దక్షరాలు పెట్టుకునే తాతయ్య ఫోన్‌లో అయితే ఇంకా చెప్పక్కర్లేదు.

తాతయ్య అంటే గుర్తొచ్చింది. పుట్టిన రోజూ నెలా తెలియనివాళ్లు మన చుట్టూ ఎంతమంది లేరు! ‘ఉప్పెనప్పుడు నేను చంకలో పిల్లని’ అంటుంది కృష్ణా జిల్లా అమ్మమ్మ. దివిసీమ ఉప్పెన వచ్చింది 1977 నవంబరు 19న. ఆ లెక్కన ఆమె 1976లో పుట్టి ఉంటుందని అంచనా కడతాం. అంతకుమించి రోజూ నెలా ఎక్కణ్నుంచి తేవాలి? ఆధార్ మొదట్లో ఇచ్చిన చాలా కార్డుల మీద ‘పుట్టిన సంవత్సరం’ అని ఏడాది ఒక్కటే ఉండేది. అది నిజాయతీగల ఫామ్. తెలిసినంతే రాయనిచ్చింది. మన యాప్స్ మాత్రం రోజూ నెలా ఇస్తేనే ‘నెక్స్ట్’ బటన్ వెలిగిస్తాయి. దాంతో మనం ఏం చేస్తాం? జనవరి 1 అని కొట్టేస్తాం. ఇంకో ఫామ్‌లో ఇంకెవరో జులై 1 కొడతారు. తర్వాత రెండు కాగితాల మీద రెండు తేదీలు తేలి, ‘మిస్‌మ్యాచ్’ అని వెనక్కి పంపేస్తే మీసేవ చుట్టూ తిరిగేది అమ్మమ్మే. గడి పక్కన ‘ఏడాది మాత్రమే తెలుసు’ అని ఒక చిన్న టిక్కు పెట్టడానికి ప్రోగ్రామర్‌కి పట్టేది ఒక పూట.

దీనికి తోడు ఇంకో పాపం ఉంది. గడిలో ముందే ఇవాళ్టి తేదీ నింపి పెట్టడం. ఖాళీగా ఉంటే మనిషి ఆగి నింపుతాడు. నిండి ఉంటే తొందరలో దాటేస్తాడు. అలా ఇవాళే పుట్టినవాళ్లు ఎంతమంది సర్వర్లలోకి చేరిపోతుంటారో! ప్రయాణం తేదీకి ‘ఈరోజు’ అని ముందే ఉండటంలో అర్థం ఉంది. పుట్టిన తేదీ మాత్రం ఖాళీగానే వదలాలి.

ఇప్పుడు చదువులకని అమెరికా వెళ్లే మనవాళ్ల దగ్గరికి వద్దాం. 03/04/2025 అంటే మనకి ఏప్రిల్ 3. అక్కడ మార్చి 4. ఇంటి అద్దె ఒప్పందంలో, బ్యాంకు ఫామ్‌లో ఇది తారుమారైతే నెల రోజుల తేడా. పైగా 12 లోపు తేదీలతోనే ఈ చిక్కు. 25/04 అని రాస్తే 25వ నెల లేదు కాబట్టి కంప్యూటర్ తప్పు పట్టేస్తుంది. 03/04 దగ్గర మాత్రం కిక్కురుమనదు. తప్పు చేశామని ఇద్దరికీ తెలియదు. దీనికి అమెరికా వీసాకి నింపే డీఎస్-160 ఫామ్ మంచి పని చేసింది. అందులో నెలని అంకెతో కాదు, జేఏఎన్, ఎఫ్ఈబీ అని అక్షరాలతో అడుగుతారు. ఆ ఫామ్ నింపడం ఎంత విసుగో నింపినవాళ్లకి తెలుసు, కానీ ఈ ఒక్క విషయంలో దానికి దండం పెట్టొచ్చు. నెల పేరు అక్షరాల్లో ఉంటే ఏ దేశంవాడూ పొరబడడు. కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి 1988లోనే ఒక ప్రమాణం వచ్చింది, ఐఎస్ఓ 8601 అని. 2025-04-03 అని పెద్దది నుంచి చిన్నదానికి, ముందు ఏడాది, తర్వాత నెల, చివర రోజు. అది యంత్రాలకి బాగుంటుంది. మనుషులకి చూపించేటప్పుడు మాత్రం ‘3 ఏప్రిల్ 2025, గురువారం’ అనాలి. వారం పేరు కూడా పక్కన ఉంటే తప్పు తేదీ కొట్టినవాళ్లే ‘అరె, గురువారం కాదే’ అని సర్దుకుంటారు.

తేదీల కంటే టైమ్ ఇంకా మాయదారిది. అన్నిటికంటే ఎక్కువమందిని ముంచేది రాత్రి 12 గంటలు. శనివారం రాత్రి అన్నం తిని, సర్దుకుని, 12:30 బస్సు ఎక్కాలని మీ ఆలోచన. యాప్‌లో శనివారం, జూన్ 7 ఎంచుకుంటారు. 12:30 ఏఎం బస్సు కనిపిస్తుంది. టికెట్ తీసేస్తారు. శనివారం రాత్రి బస్టాండ్‌కి వెళ్తే ఆ బస్సు ముందు రోజు రాత్రే వెళ్లిపోయింది! ఎందుకంటే జూన్ 7 ఏఎం 12:30 అంటే మన లెక్కలో శుక్రవారం రాత్రి. కంప్యూటర్‌కి రోజు మారేది అర్ధరాత్రి. మనకి మారేది తెల్లవారితే. పంచాంగం ప్రకారం కూడా రోజంటే సూర్యోదయం నుంచి మళ్లీ సూర్యోదయం దాకానే. డబ్బులు పోయాక ‘టికెట్ మీద తేదీ సరిగ్గానే ఉంది కదా’ అంటారు కస్టమర్ కేర్ వాళ్లు. ఉంది. అయినా అందులో మన తప్పేం లేదు.

తమాషా ఏంటంటే ఈ సమస్యని మన పెళ్లి కార్డులు ఎప్పుడో తీర్చేశాయి. అర్ధరాత్రి దాటాక ముహూర్తం ఉంటే కార్డు మీద ఏమని వేస్తారు? ‘శనివారం రాత్రి 2-15 గంటలకు (తెల్లవారితే ఆదివారం)’. ఎంత చక్కటి మాట! చుట్టం పల్లెటూరివాడైనా పట్నంవాడైనా ఒక రోజు ముందో వెనకో దిగడు. ఈ ‘తెల్లవారితే’ని బస్సు యాప్‌లో పెట్టడానికి ఏం అడ్డం? ‘శనివారం రాత్రి 12:30, తెల్లవారితే ఆదివారం, జూన్ 8’. అంతే.

అసలు ఏఎం, పీఎం అనే రెండు డబ్బాల అవసరమే తెలుగులో లేదు. తెల్లవారుజాము, పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని మనం రోజుని ఎప్పుడో ముక్కలు చేసుకున్నాం. భాషలకి సంబంధించిన ఇలాంటి వివరాలన్నీ యూనికోడ్ సంస్థ సీఎల్‌డీఆర్ అనే ఉమ్మడి ఖజానాలో పెట్టింది. ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అనే మాటలు అందులో తెలుగుకి సిద్ధంగా ఉన్నాయి. యాప్ చేసేవాళ్లు తీసి వాడుకోవడమే తరువాయి. అలాగే ‘రేపు’, ‘ఎల్లుండి’ అనే బటన్లు. ఎల్లుండికి ఇంగ్లిష్‌లో వాడుకలో ఒక్క మాట లేదు, మూడు నాలుగు మాటలు పేర్చాలి. హిందీలో ‘కల్’ అంటే నిన్న కూడా, రేపు కూడా! మనకి మొన్న, నిన్న, ఇవాళ, రేపు, ఎల్లుండి అని ఐదు బటన్లూ వరసగా ఉన్నాయి. ఈ వారంలో జరిగే పనికి క్యాలెండరే అక్కర్లేదు, వీటి పక్కన తేదీ అంకె వేస్తే సరిపోతుంది.

టైమ్ ఎంచుకోవడానికి వాడే చక్రాల మీద నాకు పెద్ద ప్రేమ లేదు గానీ, వాటి అభిమానులు గట్టివాళ్లు. 2020లో యాపిల్ ఐఓఎస్ 14లో గిరగిరా తిప్పే చక్రం తీసేసి అంకెలు టైప్ చేసే పద్ధతి పెట్టింది. జనానికి నచ్చలేదు. మరుసటి ఏడాది ఐఓఎస్ 15లో చక్రం తిరిగొచ్చింది. అలారమ్‌కి చక్రం బాగానే ఉంటుంది, ఎందుకంటే రోజూ కాస్త అటూ ఇటూ జరుపుతాం. డాక్టర్ అపాయింట్‌మెంట్‌కి మాత్రం 60 నిమిషాల చక్రం ఎందుకు? ఆయన చూసేది పదిహేను నిమిషాలకి ఒకర్ని. 10:07 ఎంచుకోనిచ్చి, తర్వాత ‘ఈ సమయం లేదు’ అని ఎర్రక్షరాల్లో తిట్టడం ఏం మర్యాద? ఖాళీగా ఉన్న టైమ్‌లే బటన్లుగా చూపిస్తే తప్పు నొక్కడానికి అవకాశమే ఉండదు.

మీలో బీటెక్ ప్రాజెక్టులు, చిన్న చిన్న యాప్స్ చేస్తున్నవాళ్లు చాలామంది ఉంటారు. మీకోసం తెర వెనక సంగతి ఒకటి. స్క్రీన్ మీద తేదీ సరిగ్గా కొట్టినా లోపల ఒక రోజు వెనక్కి జరిగిపోయే జబ్బు మన దేశంలో చాలా మామూలు. 2004 జూన్ 10 అని ఎంచుకున్నారు. జావాస్క్రిప్ట్ దాన్ని ‘జూన్ 10, మన అర్ధరాత్రి 12 గంటలు’ అనుకుంటుంది. భద్రపరిచేటప్పుడు ప్రపంచ ప్రామాణిక సమయంలోకి మారుస్తుంది. మనం ఐదున్నర గంటలు ముందున్నాం కదా, అక్కడ ఇంకా జూన్ 9 సాయంత్రం 6:30. అందులోంచి తేదీ ముక్క ఒక్కటే కోసి దాచుకున్నారంటే 2004-06-09. అయిపోయింది. ఆ అబ్బాయి ఒక రోజు ముందు పుట్టేశాడు. పరీక్ష హాల్‌టికెట్ తీసుకోవడానికి పుట్టిన తేదీయే తాళంచెవిగా వాడే సైట్లు ఎన్నో. పరీక్షకి రెండు రోజుల ముందు, పదో తరగతి మెమోలో ఉన్న తేదీ కొడితే ‘వివరాలు సరిపోలలేదు’ అని వస్తే ఆ పిల్లాడి గుండె ఏమవుతుంది?

మందు చాలా సులువు. పుట్టిన తేదీకి గంటలూ నిమిషాలూ అంటగట్టొద్దు. దాన్ని సమయంగా కాదు, రాసినది రాసినట్టు 2004-06-10 అనే అక్షరాలుగా దాచండి. బ్రౌజర్‌లోనే ఉన్న హెచ్‌టీఎంఎల్ తేదీ గడి వాడితే అది సరిగ్గా ఇదే రూపంలో ఇస్తుంది. ఫోన్‌లో దాన్ని ముట్టుకుంటే ఆ ఫోన్‌కి అలవాటైన క్యాలెండరే తెరుచుకుంటుంది. చూపులేనివాళ్ల కోసం పైకి చదివి వినిపించే సౌకర్యం కూడా దానితో వస్తుంది. సొంతంగా రంగురంగుల క్యాలెండర్ గీసుకున్నవాళ్లు ఆ సౌకర్యం మర్చిపోవడమే ఎక్కువ. మూడు గడుల పద్ధతి పెట్టుకుంటే మాత్రం అంకెల కీబోర్డు తెరుచుకునేలా ఒక చిన్న సూచన ఇవ్వడం మరిచిపోకండి. అక్షరాల కీబోర్డులో అంకెలు వెతుక్కోవడం ఇంకో నరకం.

యాప్స్‌లో అప్పుడప్పుడు 1970 జనవరి 1 అని తేదీ ప్రత్యక్షమవుతుంది, చూశారా? ఎవరూ ఆరోజు పుట్టలేదు. కంప్యూటర్లలో చాలావాటికి కాలం లెక్క సున్నా నుంచి మొదలయ్యేది అక్కడే. గడి ఖాళీగా ఉంటే సున్నా, సున్నా అంటే 1970. దీన్ని చిన్న విషయం అనుకోవద్దు. 2016 ఫిబ్రవరిలో కొన్ని ఐఫోన్లలో సెట్టింగ్స్‌కి వెళ్లి తేదీని కావాలని 1970 జనవరి 1కి మార్చి, ఆపి, ఆన్ చేస్తే ఫోన్ లేవలేదు. యాపిల్ ఐఓఎస్ 9.3లో దాన్ని సరిచేసింది. అప్పటిదాకా ఆ చక్రం మాత్రం జనాన్ని నిక్షేపంగా అక్కడిదాకా తిప్పనిచ్చింది.

మీ యాప్ అయిపోయాక స్నేహితులకి ఇచ్చి పరీక్షించకండి. వాళ్లూ మీలాంటివాళ్లే, దారి కనిపెట్టేస్తారు. మీ పెద్దమ్మకో, పక్కింటి కిరాణా అంకుల్‌కో ఇవ్వండి. కొట్టాల్సిన తేదీలు మీరే చెప్పండి. 2004 ఫిబ్రవరి 29 ఒకటి, 1950ల్లో ఒకటి, శనివారం రాత్రి 12:30 ఒకటి. లేని తేదీ ఫిబ్రవరి 30 కూడా కొట్టమనండి. అప్పుడు ‘ఇన్వాలిడ్ డేట్’ అని వస్తే ఆయన మీ మొహం చూస్తారు. ‘ఫిబ్రవరిలో 30వ తేదీ ఉండదు’ అని వస్తే ఆయనే దిద్దుకుంటారు. చివర్లో డబ్బు కట్టే బటన్‌కి పైన మాత్రం వాళ్లు ఎంచుకున్నది పూర్తి వాక్యంగా తెలుగులో రాసి చూపించండి. ‘మీ బస్సు శుక్రవారం రాత్రి 12:30కి, తెల్లవారితే శనివారం.’ పెద్దమ్మ అది చదివి, ‘అయ్యో, నాకు శనివారం రాత్రిది కావాలి నాయనా’ అని తనంతట తానే వెనక్కి వెళ్తుంది.